నాలుగు ఇళ్లు, ఒకే కూజా మొక్క: నెపెంథిస్‌కి కూజాలు ఎందుకు ఆగిపోతాయి?

విజయనగరంలో మా రెండో అంతస్తు వరండాలో ఆరేళ్లుగా ఒక నెపెంథిస్ ఉంటోంది. స్కూల్లో కీటకాహార మొక్కల పాఠంలో బొమ్మ వేసి భాగాలు గుర్తించామే, ఆ కూజా మొక్కే. మూడేళ్ల కిందట దాని తీగ గ్రిల్ దాటి పక్కవాళ్ల వాటా వైపు సాగిపోతుంటే కత్తిరించి, ఆ ముక్కలకు వానాకాలంలో వేళ్లు పట్టించాను. నాలుగు బతికాయి. ఒకటి ఉంచుకుని మిగతావి పంచాను. ఒకటి బారువలో మా అప్ప ఇంటికి, ఒకటి శ్రీకాకుళంలో స్నేహితుడి ఫ్లాట్‌కి, ఇంకొకటి బొబ్బిలిలో మావయ్య గారి డాబా మీదకి వెళ్లాయి.

ఏడాది తిరిగేసరికి నాలుగూ నాలుగు రకాలయ్యాయి. నా దగ్గరున్నదానికి ప్రతి ఆకు చివరా కూజా వేలాడుతోంది. అప్ప ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, దీని ఆకుల అంచులు మాడిపోతున్నాయిరా, కూజాలు కూడా బొటనవేలంత దాటి పెరగట్లేదు" అంది. శ్రీకాకుళంలో ఆకులు జానెడు దాటి పొడవుగా, ముదురాకుపచ్చగా చూడముచ్చటగా ఉన్నాయి, కూజా మాత్రం ఒక్కటీ లేదు. బొబ్బిలిలో ఆకులు పొట్టిగా, తోలులా గట్టిపడి ఎర్రబడ్డాయి. అక్కడా కూజాల్లేవు. ముగ్గురూ చెప్పిన కారణం మాత్రం ఒకటే. తేమ చాలట్లేదట. ముగ్గురూ రోజుకు నాలుగైదుసార్లు స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొడుతున్నారు.

కొమ్మ ముక్క నుంచి పెంచిన మొక్క తల్లి మొక్కకి అచ్చు నకలు. విత్తనం మొక్కల్లో అయితే ఒకటి బలంగా, ఒకటి నీరసంగా పుట్టవచ్చు. ఇక్కడ ఆ వంక లేదు. కాబట్టి తేడా అంతా ఇళ్లదే. ఆ తేడా ఏమిటో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంతా చేస్తే, అందరం ముందుగా అనుమానించే గాలి తేమ మన ప్రాంతంలో చాలావరకు నిర్దోషి.

ముందు మొక్క సంగతి. నెపెంథిస్‌లో 160కి పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవులవి. మనకు నర్సరీల్లో దొరికేది దాదాపు ఎప్పుడూ ఒకటే, వెంట్రాటా అనే సంకరం. ఫిలిప్పీన్స్‌కి చెందిన వెంట్రికోసా, అలాటా అనే రెండు జాతుల కలయిక అని దీన్ని చెబుతారు. వెంట్రికోసా కొండల మీద పెరిగేది. ఆ కలయిక వల్ల వెంట్రాటా మన వేడినీ తట్టుకుంటుంది, చలికాలపు రాత్రుల్నీ తట్టుకుంటుంది. అందుకే దీన్ని మొండి మొక్క అంటారు.

ఆ మొండితనంలోనే తికమక ఉంది. బంతి మొక్కకు చోటు నచ్చకపోతే వారంలో వాడిపోయి చెప్పేస్తుంది. వెంట్రాటా అలా కాదు. నచ్చని చోట కూడా ఏళ్ల తరబడి బతుకుతుంది, ఆకులు వేస్తూనే ఉంటుంది. మానేసేది కూజాలు పెట్టడం మాత్రమే. బతకడానికి కావలసినవి వేరు, కూజా పెట్టడానికి కావలసినవి వేరు. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే ఇంతమంది "మొక్క బాగానే ఉంది, కూజాలే రావట్లేదు" అంటారు.

కూజా అంటే పువ్వో కాయో కాదు, ఆకులో భాగమే. ఆకు మధ్య ఈనె చివర నుంచి బయటికి సాగి నులితీగ అవుతుంది, దాని కొన ఉబ్బి కూజాగా మారుతుంది. పైన మూత, మూతి చుట్టూ గీతలు గీతలుగా మెరిసే అంచు, లోపల మైనపు గోడ, అడుగున జీర్ణరసం. ఆ మెరిసే అంచు ఎలా పనిచేస్తుందో 2004లో హోల్గర్ బోన్, వాల్టర్ ఫెడెర్లే అనే పరిశోధకులు చూపించారు. వాన వల్లో, గాలిలో తేమ వల్లో అంచు తడిసినప్పుడు దాని మీద సన్నని నీటి పొర నిలుస్తుంది. తేనె కోసం వచ్చిన చీమ కాలు తడి గచ్చు మీద మన కాలు జారినట్టు జారుతుంది. అంచు పొడిగా ఉన్నప్పుడు అదే చీమ హాయిగా నడిచి వెళ్లిపోతుంది.

ఇంత హంగు చేయడానికి మొక్కకు బోలెడు ఖర్చు. కూజా ఆకులాగా ఎండతో ఆహారం వండటంలో అంత సమర్థమైనది కాదు. దానివల్ల వచ్చేది పురుగుల నుంచి దొరికే నత్రజని, భాస్వరం. మరి ఈ ఖర్చు మొక్కకు ఎప్పుడు గిట్టుబాటు అవుతుంది? 1984లో థామస్ గివ్నిష్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ ప్రశ్నకే లెక్క కట్టారు. వాళ్ల సమాధానంలో మూడు షరతులున్నాయి. వెలుగు పుష్కలంగా ఉండాలి, తడి ఉండాలి, నేల నిస్సారంగా ఉండాలి. ఈ మూడూ కలిసిన చోటే మాంసాహారం మొక్కకు లాభం. వెలుగు చాలని చోట నత్రజని ఎంత దొరికినా దానితో చేసేదేం లేదు. నేలలోనే సారం ఉంటే పురుగును పట్టే పని లేదు. తడి లేకపోతే కూజా నిలవదు.

నాకు ఈ మొక్క గురించి తెలిసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఈ మూడు ముక్కల లెక్కే. దీన్ని చేతిలో పట్టుకుని ఒక్కో ఇంటికీ వెళ్లాను.

శ్రీకాకుళం ఫ్లాట్

స్నేహితుడి హాలు పెద్దది, తెల్లటి గోడలు, పగలు లైటు వేయక్కర్లేదు. మొక్క టీవీ పక్కన, కిటికీకి మూడు మీటర్ల దూరంలో ఉంది. "ఇంత వెలుతురులో కూడా చాలదంటే ఎలా" అన్నాడు. ఆయన కళ్లు ఆయనకు నిజమే చెబుతున్నాయి. కానీ కంటికి సర్దుకునే గుణం ఉంది. చీకటి పడితే పాప పెద్దదవుతుంది, ఎండలో చిన్నదవుతుంది, మనకు రెండు చోట్లా బాగానే కనిపిస్తుంది. ఆకుకి ఆ సర్దుబాటు లేదు. పడిన వెలుగు పడినంతే.

ఫోన్‌లో వెలుగు కొలిచే యాప్ వేసుకుని చూశాం. ఫోన్ లెక్క ఖచ్చితం కాకపోవచ్చు, పోల్చి చూసుకోవడానికి చాలు. మొక్క దగ్గర 250 లక్స్. కిటికీ గట్టు మీద 4,000. కిటికీ బయట గ్రిల్‌లో, నీడలోనే, 14,000. ఎండలో చెయ్యి చాపితే 90,000 దాటింది. అంటే హాలుకీ గ్రిల్‌కీ మధ్య యాభై రెట్లకు పైగా తేడా. మన కంటికి అది "కొంచెం ఎక్కువ వెలుతురు"లా మాత్రమే కనిపిస్తుంది. పదివేల లక్స్ దాటిన నీడ వెలుగు రోజంతా ఉంటే వెంట్రాటా కూజాలు పెడుతుంది. దానికి తోడు పొద్దుటి లేత ఎండ రెండు మూడు గంటలు పడితే కూజాలకు ఎరుపు కూడా వస్తుంది.

జానెడు దాటిన ఆ ముదురాకుపచ్చ ఆకులు మనం ఆరోగ్యం అనుకునేవి. నిజానికి అవి వెలుగు కోసం మొక్క పడుతున్న ఆరాటం. ఉన్న కాస్త వెలుగునీ ఒడిసిపట్టుకోవడానికి ఆకును వెడల్పు చేసుకుంటోంది, పచ్చదనం పెంచుకుంటోంది. కూజా మీద ఖర్చు పెట్టే స్తోమత దానికి లేదు.

ఆయన మాత్రం నేరం ఏసీ మీద వేశాడు. ఏసీ గాలిని ఆరబెడుతుంది కాబట్టి కూజాలు ఎండిపోతున్నాయి అని. ఇది చాలామంది నమ్మే మాట కాబట్టి ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి. తేమ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. గాలి ఎంత నీటిని మోయగలదన్నది వేడిని బట్టి మారుతుంది. ఒక ఘనపు మీటరు గాలి 34 డిగ్రీల దగ్గర సుమారు 37 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది, 24 డిగ్రీల దగ్గర దాదాపు 22 గ్రాములే. ఆకును ఆరబెట్టేది గాలికి ఇంకా ఎంత నీరు కావాలన్నది. దాన్ని గాలి దాహం అనుకుందాం.

బయట 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న మన మామూలు ఉక్కపోత రోజున గాలి దాహం 11 గ్రాములు. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 45 శాతం తేమ ఉంటే దాహం 12 గ్రాములు. రెండూ ఇంచుమించు సమానం! శాతాల్లో అంత తేడా కనిపించినా ఆకుకి తెలిసే తేడా చాలా తక్కువ. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం పడమటి గాలి వీచినప్పుడు 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉందనుకోండి. దాహం 36 గ్రాములు. మూడు రెట్లు. కూజా మొగ్గల్ని నిలువునా మాడ్చేది ఈ గాలి, బెడ్‌రూమ్ ఏసీ కాదు. ఏసీ గాలి సూటిగా మొక్క మీద కొట్టకుండా చూసుకుంటే చాలు. రాత్రి చల్లదనం కొండ రక్తం ఉన్న ఈ మొక్కకు మంచే చేస్తుంది.

స్ప్రే బాటిల్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చిలకరించిన నీరు కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది, గది తేమ మళ్లీ మొదటికే వస్తుంది. దుమ్ము కడగడానికి స్ప్రే వాడండి. తేమ పెంచడానికి అది పనికిరాదు. బోరు నీళ్లతో స్ప్రే చేస్తే ఆకుల మీద తెల్లమచ్చలు పడతాయి.

ఆ మొక్కను తూర్పు కిటికీ బయట గ్రిల్‌లోకి మార్చాం. ఒక్కసారిగా కాదు. వారం గట్టు మీద, రెండో వారం కర్టెన్ చాటున గ్రిల్‌లో, ఆ తర్వాత పూర్తిగా బయట. నీడలో పెరిగిన ఆకును ఒక్కరోజులో ఎండలో పెడితే తెల్లగా కాలిపోతుంది. తూర్పు కిటికీ లేని ఫ్లాట్లలో 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, మొక్కకు జానెడు ఎత్తులో, రోజుకు 12 గంటలు వెలిగించినా సరిపోతుంది. కరెంటు రోజుకు అర యూనిట్ కూడా కాదు. గులాబీ రంగు గ్రో లైట్లు కొననక్కర్లేదు.

బారువ పెరడు

అప్ప ఇల్లు సముద్రానికి దగ్గర. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను బారువ ఉన్న ఉద్దానం ప్రాంతం మీద విరుచుకుపడ్డప్పుడు ఆ పెరట్లో చెట్లు సగం పైగా కూలాయి. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. అందుకే అక్కడ నీడ పలచగా, కదులుతూ ఉంటుంది. నెపెంథిస్‌కి ఇంతకన్నా మంచి వెలుగు ఉండదు. గాలిలో తేమ కూడా ఏడాదంతా పుష్కలం. వెలుగూ తడీ రెండూ ఉన్నాయి. మిగిలింది మూడో షరతు, నిస్సారం.

"నీళ్లు ఏవి పోస్తున్నావు అప్పా?" అంటే, "నూతి నీళ్లేరా. నువ్వు మంచి నీళ్లు పొయ్యమన్నావని కాచి చల్లార్చి మరీ పోస్తున్నాను" అంది. ఆమె శ్రద్ధకు నాకు మనసు చివుక్కుమంది. కాచడం వల్ల క్రిములు చస్తాయి. కొంత సున్నం గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. మిగతా ఉప్పులన్నీ నీళ్లలోనే ఉండిపోతాయి, ఆవిరై పోయిన నీటి మేరకు ఇంకా చిక్కబడతాయి.

టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 600 చూపించింది. ఆ అంకె అర్థం లీటరుకు సుమారు 600 మిల్లీగ్రాముల లవణాలు. రోజుకు 200 మిల్లీలీటర్లు పోస్తే 120 మిల్లీగ్రాములు కుండీలోకి వెళ్తాయి. ఏడాదికి 44 గ్రాములు. నీరు ఆకుల నుంచి, కుండీ పైనుంచి ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. అడుగు రంధ్రాల నుంచి కొంత కారిపోయినా, చిన్న కుండీలో ఇది చాలా పెద్ద మోతాదు. నెపెంథిస్ వేళ్లు నల్లగా, జుట్టులా సన్నగా, పెళుసుగా ఉంటాయి. వానలు కడిగేసిన పేద నేలల్లోనూ చెట్ల కొమ్మల మీది నాచులోనూ పెరగడానికి తయారైన వేళ్లు అవి. ఉప్పు పేరుకుంటే వేరు నీటిని లాగలేదు. కుండీ తడిగానే ఉంటుంది, మొక్క దాహంతో ఉంటుంది. ఆకుల అంచులు మాడటం దాని గుర్తు.

50 లోపు చూపించే నీళ్లయితే నిశ్చింతగా పోయవచ్చు. వంద దాకా వెంట్రాటా ఓర్చుకుంటుంది. ఇంటి ఆర్వో మెషీన్ల గురించి ఒక జాగ్రత్త. చాలావాటిలో రుచి కోసం మళ్లీ లవణాలు కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆర్వో నీళ్లే కదా అని నమ్మకుండా మీటరు పెట్టి చూడండి. క్యాన్ నీళ్లకూ అదే మాట. ఆర్వో నుంచి పక్క పైపులో వచ్చే వృథా నీళ్లలో లవణాలు అసలు నీటికన్నా ఎక్కువ ఉంటాయి, అవి అసలే వద్దు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు చాలా తక్కువ. ఏసీ సర్వీసింగ్ చేయించి ఉంటే వాడుకోవచ్చు.

అయితే మన జిల్లాల్లో వాన ఉండగా ఇవన్నీ ఎందుకు? చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలకు, రోజుకు 200 మిల్లీలీటర్ల చొప్పున, ఒక మొక్కకు కావలసింది 36 లీటర్లు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. ఎండలకు కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి మూడు నింపుకుంటే నిశ్చింత. చూరు నీళ్లు పట్టేవాళ్లు మొదటి ఒకటి రెండు వానలు వదిలేయాలి, పెంకుల మీది దుమ్మూ రెట్టా కడిగిపోవాలి. క్యాన్ మూత బిగించి ఉంచాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. సముద్రం ఒడ్డున తుపాను గాలితో వచ్చే వానలో ఉప్పు తుంపర కలిసి ఉండవచ్చు, మీటరు చూసి పట్టుకోవాలి. అలాంటి గాలి తర్వాత ఆకుల్ని కూడా మంచి నీటితో కడగాలి.

అప్ప ఇంట్లో ఇంకో తప్పు కూడా దొరికింది, అది నాదే. కుండీలో వేయమని కొబ్బరి పొట్టు నేనే చెప్పాను. ఉద్దానంలో కొబ్బరి పీచుకూ పొట్టుకూ కొదవ లేదు. ఆ పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం ఉంటాయి, ఉప్పునీటిలో నానిన కాయలదైతే మరీ ఎక్కువ. వాన నీటిలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి ఐదారుసార్లు కడగాలి. పిండిన నీటి టీడీఎస్ వంద లోపుకి దిగాక వాడాలి. అప్ప దాన్ని ఒక్కసారే కడిగింది, ఎందుకంటే నేను చెప్పిందే "ఒకసారి కడిగి వెయ్యి" అని.

కుండీలో ఏం వేయాలన్నది పెద్ద విషయమేం కాదు. నీటిని బాగా పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచు దొరికితే దానికి సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలపండి. దొరక్కపోతే బాగా కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు, కొంచెం పొట్టు. నీళ్లు పోస్తే వెంటనే కిందికి దిగాలి, పిండితే తడి తెలియాలి. మట్టి వద్దు. మట్టి కుండీ కూడా వద్దు, గోడలు లవణాలు పీల్చి పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్ కుండీ మంచిది. అడుగున పళ్లెంలో నీళ్లు నిలబెట్టకండి. ఆ పద్ధతి ఆకులు మూసి పురుగును పట్టే వీనస్ ఫ్లైట్రాప్‌కి, దీనికి కాదు. ఈ వేళ్లకు తడితో పాటు గాలి కావాలి.

బొబ్బిలి డాబా

మావయ్య గారిది మొక్కల చెయ్యి. డాబా మీద ఆయన పెంచే మల్లె, దానిమ్మ చూసి ఎవరైనా ఆగాల్సిందే. నెపెంథిస్‌ని కూడా ఆ వరుసలోనే పెట్టారు. ఎర్రబడిన ఆకులు చూసి నీరసం అనుకుని గుప్పెడు వర్మీకంపోస్టు వేశారు. పొద్దునా సాయంత్రం నీళ్లు పోశారు. మల్లెకైతే ఇవన్నీ సరైన పనులే. ఈ మొక్కకు మూడు వైపుల నుంచీ దెబ్బ తగిలింది.

మొదటిది ఎండ. ఆకు ఎర్రబడటం దానంతటది తప్పు కాదు. లేత ఎండకు వచ్చే ఎరుపు మంచి గుర్తే. ఆ రంగు ఆకుకు గొడుగులాంటిది. కానీ ఆకు పొట్టిబడి, పసుపు కలిసిన ఎరుపులోకి తిరిగి, కొసలు మాడుతున్నాయంటే గొడుగు చాలట్లేదని అర్థం. రెండోది వేళ్ల వేడి. నల్ల ప్లాస్టిక్ కుండీ, కింద సిమెంటు డాబా. పగలంతా కాగిన డాబా రాత్రి చాలాసేపటి దాకా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ కుండీలో సాయంత్రం చెయ్యి పెట్టి చూశాను, నాచు వెచ్చగా తగిలింది. వెచ్చటి తడిలో ఊపిరాడక వేళ్లు కుళ్లుతాయి. పైగా బొబ్బిలి సముద్రానికి దూరం, ఏప్రిల్, మే నెలల పడమటి గాలి బారువలో కన్నా అక్కడ ఎక్కువ. నేను చెప్పిన 36 గ్రాముల దాహం అక్కడిదే. ఈ ఒక్క ఇంట్లో మాత్రం తేమను అనుమానించడం న్యాయం, అదీ ఏడాదిలో రెండు నెలలే.

మూడోది ఎరువు. "మావయ్యా, దానికి ఆకలి కాదు, ముందు ఆ ఎరువు తీసేద్దామండి" అంటే ఆయనకు నచ్చలేదు. "తిండి పెడితే తప్పేమిట్రా?" అన్నారు. గివ్నిష్ లెక్కలో మూడో షరతు చెప్పాను. వేళ్లకు తిండి దొరికితే అది కూజా పెట్టాల్సిన అవసరమే పోతుంది, ఎక్కువైతే వేళ్లే పోతాయి. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే దీన్ని పస్తు పెట్టే పెంచాలన్నమాట" అన్నారు. నేను ఇన్ని మాటల్లో చెప్పలేనిది ఆయన ఒక్క మాటలో చెప్పారు.

ఎరువు ఉన్న నాచంతా తీసేసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొత్త నాచులో పెట్టాం. డాబా దిగి ఇంటికి ఈశాన్యం వైపు మామిడి చెట్టు కింద స్టాండు మీద ఉంచాం. చెట్టు లేని ఇంట్లో 50 శాతం షేడ్ నెట్ వేసుకోవచ్చు. తెల్ల కుండీ వాడి, దాన్ని ఇంకో పెద్ద కుండీలో దించి మధ్యలో సందు వదిలితే వేళ్లకు సెగ తగలదు. వేసవి మధ్యాహ్నాల్లో స్టాండు చుట్టూ నేల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లమన్నాను. ఆకు మీద స్ప్రే చేసే దానికన్నా ఇది నయం, నేల చల్లబడి చాలాసేపు ఆవిరి వదులుతుంది. పక్కన నాలుగు పచ్చని కుండీలు గుంపుగా ఉంటే ఇంకా మంచిది.

నా వరండాలో కూజాలు వస్తున్నది నా ప్రతిభ వల్ల అని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది తూర్పు ముఖం. పొద్దున ఏడు నుంచి పది దాకా ఎండ, ఆ తర్వాత ఎదురింటి గోడ నీడ. నీళ్లు మొదటి నుంచీ వాన నీళ్లే, మా మేడ మీద పట్టినవి. మూడు షరతులూ తెలియకుండానే కలిసొచ్చాయి.

మీ ఇంట్లో ఏది తప్పిందో తెలుసుకోవాలంటే కొత్త ఆకును చూడండి, పాతవాటిని కాదు. ఒకసారి నులితీగ కొస ఎండిపోయిన ఆకు ఇక ఎప్పటికీ కూజా పెట్టదు, ఎంత సేవ చేసినా అంతే. ఆకు పెద్దదై కొస ఉబ్బకుండానే ఎండితే వెలుగు తక్కువ. బియ్యపు గింజంత ఉబ్బి, అక్కడ నల్లబడి ఆగితే పొడి గాలి, లేదా ఈ మధ్యనే చోటు మారింది. అంచులు మాడి, నాచు మీద తెల్లటి పెచ్చు కనిపిస్తే తప్పు నీళ్లలోని ఉప్పుది. కూజా బాగా తయారై, కొన్ని నెలల తర్వాత మూత దగ్గర నుంచి కిందికి ఎండుతూ వస్తే అది మామూలు వయసు, దిగులు పడక్కర్లేదు.

తిండి సంగతి మొక్కకే వదిలేయండి. బయట ఉంటే చీమలు వాటంతటవే వస్తాయి. గదిలో ఉంటే నెలకో చచ్చిన చీమ చాలు. మాంసం ముక్కలు, పాలు, అన్నం మెతుకులు వేస్తే కూజా కుళ్లుతుంది. తెచ్చేటప్పుడు రసం ఒలికిపోతే పావు వంతు వాన నీరు పోయండి, మిగతాది అదే చూసుకుంటుంది. దోమలు తగ్గుతాయని మాత్రం దీన్ని కొనకండి. అడవుల్లో కొన్ని రకాల దోమ పిల్లలు కూజా రసంలోనే హాయిగా బతుకుతాయి. ఎండిపోయిన పాత కూజాలో వాన నీరు నిలిస్తే కోసి పారేయాలి.

కొనేటప్పుడు ఒక మాట. మన దేశపు సొంత నెపెంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. అంతరించే ప్రమాదంలో ఉంది. దాని కోసం గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర ఒక రక్షిత ప్రాంతమే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్కను ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. రాజా, హమాటా లాంటి ఎత్తు కొండల జాతుల్ని ఫోటో చూసి ఆన్‌లైన్లో కొన్నా మన మైదానం వేడికి నిలవవు. ముందు వెంట్రాటా. వానాకాలంలో రెండు మూడు కణుపులున్న ముక్క తడి నాచులో గుచ్చితే ఒకటి రెండు నెలల్లో వేళ్లు పడతాయి, కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర ఉంటే కొననే అక్కర్లేదు.

శ్రీకాకుళం మొక్క గ్రిల్‌లోకి మారాక రెండు ఆకులు ఉత్తగా వేసి, మూడో ఆకుకి కూజా పెట్టింది. అప్ప కుండీలో పొట్టు మార్చి, వాన నీళ్లకు మారాక నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఆమె దగ్గర కూజాలు నావాటికన్నా పొడవు. ఆ కదిలే కొబ్బరి నీడ నా వరండాలో లేదు.

బొబ్బిలి మొక్కకు వేళ్లు తెగాయి కాబట్టి ఆలస్యమవుతుందని ముందే చెప్పాను. చోటు మారిన తర్వాత మూడు కొత్త ఆకులు వచ్చేదాకా ఏమీ మార్చవద్దని, ఒక్క చుక్క ఎరువు వేయవద్దని మావయ్య దగ్గర మాట తీసుకున్నాను. ఒక్కో ఆకుకి దాదాపు నెల పడుతోంది. మొన్న ఆదివారం మూడో ఆకు విచ్చుకుంది. నులితీగ కొస ఇంకా పచ్చగానే ఉందని, పెసర గింజ కన్నా కాస్త చిన్నగా ఉబ్బిందని ఆయన ఫోటో తీసి పంపారు.